అందరికంటే పొడవైన గీత: అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మహాసభల నిర్వాహకులకు నమస్కారాలు.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. ప్రభుత్వ పాఠశాలలో మిడిల్ స్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మీ సంఘాల్లో ఒకదానిలో జీవిత సభ్యురాలిని. పిల్లలకు తెలుగు నేర్పే తరగతుల కోసం ఎన్నో శనివారాలు ఇష్టంగా ఇచ్చినదాన్ని. కాబట్టి ఈ లేఖను బయటివారి ఫిర్యాదుగా కాక ఇంటి మనిషి మాటగా చదవమని కోరుతున్నాను.

కొంతకాలం కిందట ఒక తెలుగు సభలో తల్లిదండ్రుల కోసం ఏర్పాటు చేసిన కార్యక్రమానికి వెళ్లాను. పిల్లల బాగోగులను, వారికి అందుతున్న అవకాశాలను జాతుల వారీగా కొలిచిన పటాన్ని వక్త తెర మీద చూపించారు. అందులో రెండే గీతలున్నాయి. ఒకటి తెల్లజాతి పిల్లలది, దానికంటే పొడవైన రెండోది ఆసియా సంతతి పిల్లలది. ఇది మన పెంపకం గొప్పతనమని ఆయన అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చి ఆ పటం ఎక్కడిదో వెతికితే, అసలు పటంలో ఆరు గీతలు కనిపించాయి. సభలో చూపించడానికి నాలుగింటిని కత్తిరించారు. ఆ నాలుగు గీతల గురించి మాట్లాడటానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ పటం, పిల్లల సంక్షేమం కోసం పనిచేసే బాల్టిమోర్‌లోని యానీ ఇ. కేసీ ఫౌండేషన్ ప్రచురించే సూచికలోనిది. మొదట 2014లో, తరువాత 2017లో, మళ్లీ 2024లో అది వెలువడింది. పుట్టినప్పుడు బిడ్డ తగినంత బరువు ఉందా, మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఏదైనా చిన్నపిల్లల బడికి వెళ్లిందా, నాలుగో తరగతిలో చదవడమూ ఎనిమిదో తరగతిలో లెక్కలూ సరిగా వచ్చాయా, హైస్కూలు సకాలంలో పూర్తయిందా, ఇంటి పెద్దకు కనీసం హైస్కూలు చదువు ఉందా, ఇంటి ఆదాయం దారిద్ర్యరేఖకు రెండింతలైనా ఉందా, ఆ ఇల్లు పేదరికం తక్కువగా ఉన్న పేటలో ఉందా అన్నవాటితో సహా మొత్తం 12 అంశాలను కలిపి, ప్రతి సమూహానికీ 1000కి ఇన్ని అని మార్కులు వేస్తారు. 2024 నివేదికలో ఆసియా, పసిఫిక్ దీవుల సంతతి పిల్లలకు 771, తెల్లజాతి పిల్లలకు 697, రెండు లేక అంతకంటే ఎక్కువ జాతులకు చెందిన పిల్లలకు 612, లాటినో పిల్లలకు 452, అమెరికా ఆదివాసి పిల్లలకు 418, నల్లజాతి పిల్లలకు 386 వచ్చాయి. 771ని చూసి మనం చప్పట్లు కొట్టిన గదిలో 386 అన్న అంకె కనిపించనే లేదు. ఆ అంకెలో నా తరగతి పిల్లలు ఉన్నారు.

ముందుగా మన గీత ఎందుకంత పొడవుగా ఉందో చూద్దాం. పైన చెప్పిన అంశాల్లో ఇంటి పెద్ద చదువు, ఇంటి ఆదాయం, ఉండే పేట అన్న మూడూ బిడ్డ పుట్టకముందే చాలావరకు తేలిపోయే విషయాలు. మనలో చాలామంది విషయంలో వాటిని తేల్చింది వలస చట్టం. 1965 చట్టం ఆసియా దేశాల నుంచి వచ్చేవారికి తలుపు తెరిచి, వృత్తి నైపుణ్యం ఉన్నవారికి చోటు కల్పించింది. 1990 చట్టంతో నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు ఇచ్చే హెచ్1బి వీసా వచ్చింది. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని వచ్చినా, విజయవాడలో ఇంజనీరింగ్ చదివి వచ్చినా, మనం ఈ దేశపు గడప తొక్కే నాటికే చేతిలో డిగ్రీ ఉంది. డిగ్రీ లేని మన పినతండ్రి కొడుకు ఊళ్లోనే ఉండిపోయాడు కాబట్టి అతని పిల్లలు ఈ పటంలో ఎక్కడా కనిపించరు. ఇలా జల్లెడ పట్టి ఏరిన కుటుంబాల పిల్లలను, తమ పూర్వీకులను గొలుసులతో ఓడల్లో ఎక్కించి తెచ్చిన కుటుంబాల పిల్లల పక్కన నిలబెట్టి, ఎత్తులో ఉన్న తేడానంతా పెంపకానికి కట్టబెట్టడం లెక్క ప్రకారం తప్పు. మన తల్లిదండ్రులు పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ కష్టం నిజం. ఆ గీతలో దాని వాటా ఎంతో విడదీసి చెప్పే శక్తి మాత్రం ఆ పటానికి లేదు.

ఆ గీత లోపల ఉన్నదీ ఒకే రకం జీవితం కాదు. శిశు మరణాల లెక్క చూడండి. 2022లో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో ఏడాది నిండకుండా చనిపోయినవారు దేశం మొత్తం మీద 5.6 మంది. ఆసియా తల్లుల పిల్లల్లో అది 3.5, పసిఫిక్ దీవుల తల్లుల పిల్లల్లో 8.5. ఈ రెండు సమూహాలను ఒకే గడిలో వేసి సగటు కడితే, సంఖ్యలో చిన్నదైన రెండో సమూహం దుఃఖం పెద్దదైన మొదటి సమూహం నీడలో కనిపించకుండా పోతుంది. 1977లో ఫెడరల్ సంస్థలన్నిటికీ ఉమ్మడిగా జాతుల గడులను మొదటిసారి నిర్ణయించినప్పుడు ఈ రెంటినీ కలిపే పెట్టారు, 1997లో గానీ విడదీయలేదు. ఆసియా అన్న గడిలోనూ మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలతో పాటు, లావోస్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన హ్మోంగ్‌లు, బర్మా శరణార్థులు, నేపాల్ శిబిరాల్లో ఏళ్ల తరబడి గడిపి 2008 తరువాత ఇక్కడికి చేరిన భూటాన్ కుటుంబాలు ఉన్నాయి. అంత దూరం పోనక్కర్లేదు. మనలోనే గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసే తండ్రులు ఉన్నారు. గ్రీన్‌కార్డు వరుసలో తల్లిదండ్రులు నిలబడి ఉండగానే 21 ఏళ్లు నిండి, తల్లిదండ్రుల వీసా మీద ఉండే వీలు పోయి, పెరిగిన దేశంలోనే పరాయివారైపోయే పిల్లలు ఉన్నారు. ఆ పిల్లల బెంగను కొలిచే అంశం ఆ పన్నెండింటిలో లేదు.

మన ఇళ్లలోని బాలింతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ దేశంలో ఉంటున్న భారతీయ తల్లుల్లో గర్భధారణ సమయంలో వచ్చే మధుమేహం ఎక్కువ. చదువూ ఆదాయమూ బాగా ఉన్నా తక్కువ బరువుతో పుట్టే పిల్లల శాతం కూడా తెల్లజాతివారి కంటే మనలో ఎక్కువని వైద్య పరిశోధకులు ఎంతోకాలంగా రాస్తున్నారు. ఆసియా అన్న ఒక్క గడిలో కలిపేస్తే ఇది కూడా సగటులో మునిగిపోతుంది. అంటే మనల్ని ఆకాశానికెత్తే గీతే మన బిడ్డల గురించి మనకు తెలియవలసిన సంగతిని దాచిపెడుతోంది. మీరు ఏటా నిర్వహించే ఆరోగ్య శిబిరాల్లో రక్తపోటు, చక్కెర చూస్తారు. గర్భిణుల కోసం ఒక బల్ల వేసి, ఈ విషయం చెప్పి, ఆసుపత్రి కాగితాల్లో ఆసియన్ అని మాత్రమే ఉంటే పక్కన భారతీయ సంతతి అని కూడా రాయించుకోండని చెప్పేవారిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

విడిగా లెక్కించమని అడగడం మనకు కొత్తేమీ కాదు. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో మనవారిని, ఏ మతం వారైనా సరే, హిందూ అన్న జాతి కింద రాసుకున్నారు. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు పౌరసత్వం కోరితే, ఆయన చట్టం చెప్పే తెల్లవాడు కాదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుతో అంతకుముందే పౌరసత్వం పొందిన మనవారు కొందరు దాన్ని పోగొట్టుకున్నారు. 1970 లెక్కల్లో మనల్ని తెల్లవారి కింద జమకట్టారు. అలా కలిపేస్తే వివక్ష ఎదురైనప్పుడు నిరూపించుకునే ఆధారం ఉండదని ఆనాటి భారతీయ సంఘాలవారు ఫలకాలు పట్టుకుని వీధికి ఎక్కకుండానే, ఉత్తరాలు రాసి, అధికారులను కలిసి, ఒప్పించారు. 1980 లెక్కల్లో ఏషియన్ ఇండియన్ అన్న గడి వచ్చింది. ఆనాడు ఆ పని చేసినవి మీ సంఘాల వంటి సంఘాలే. ఇళ్లలో మాట్లాడే భాషను సెన్సస్ బ్యూరో అడుగుతుంది కాబట్టే, 2010కీ 2017కీ మధ్య ఈ దేశంలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారన్న సంగతి తెలిసింది. ఆ అంకెను మనం ఎన్ని సావనీర్లలో అచ్చు వేసుకున్నామో మీకు తెలుసు. మనల్ని లెక్కించినప్పుడు సంతోషించిన మనం, ఇతరుల పిల్లలను లెక్కించే పని ఆగిపోతుంటే ఊరుకోకూడదు.

ఇక మనందరం ఈ కొలతలను రోజూ వాడే ఒక సందర్భం ఉంది. అది ఇల్లు కొనడం. తెలుగు కుటుంబం ఇల్లు చూడటానికి వెళితే వంటగది కంటే ముందు స్కూల్ రేటింగ్ చూస్తుంది. పదికి తొమ్మిదో పదో ఉంటే, లక్ష డాలర్లు ఎక్కువైనా సరే అంటాం. నా ఇల్లూ అలాగే కొన్నాను. ఆ రేటింగులో పెద్ద భాగం పిల్లల పరీక్ష మార్కుల సగటు. ఆ సగటు ఎక్కువగా చెప్పేది పిల్లలు బడిలో అడుగుపెట్టకముందు ఇంట్లో, పేటలో వారికి ఏం అందిందో. బడి ఏం నేర్పిందో తెలియాలంటే ఏడాదికీ ఏడాదికీ మధ్య అదే పిల్లలు ఎంత ఎదిగారో చూడాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ బృందం దేశవ్యాప్తంగా మూడు నుంచి ఎనిమిది తరగతుల పరీక్ష ఫలితాలను ఒకే కొలబద్ద మీదికి తెచ్చి చూసింది. సగటు మార్కులు ఆ ప్రాంతపు ఆదాయంతో గట్టిగా ముడిపడి ఉండగా, ఎదుగుదలకు ఆదాయంతో ఉన్న సంబంధం చాలా బలహీనమని తేలింది. మనవారు పేరు వింటేనే వద్దనే షికాగో ప్రభుత్వ పాఠశాలల్లో, పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐదేళ్లలో ఆరేళ్ల చదువుకు సమానంగా ఎదిగారని 2017లో అదే విశ్వవిద్యాలయం చూపించింది. ఉపాధ్యాయురాలిగా ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదువుకున్నాను. నాలుగు మార్కుల నుంచి ఆరు మార్కులకు ఎదిగిన పిల్లవాడి వెనుక ఎంత పని ఉంటుందో తరగతి గదిలో నిలబడినవారికి తెలుసు. రేటింగ్‌లో ఆ బడి మాత్రం పదికి మూడుగానే ఉంటుంది, మనం కారు ఆపకుండా వెళ్లిపోతాం.

పేటకూ పిల్లల భవిష్యత్తుకూ ఉన్న బంధాన్ని కొలవడానికే చైల్డ్ ఆపర్చునిటీ ఇండెక్స్ అనే మరో సూచిక ఉంది. డొలోరెస్ అసెవెడో గార్సియా నాయకత్వంలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ సూచిక దేశంలోని 72 వేల పైచిలుకు సెన్సస్ ట్రాక్టుల్లో, అంటే ఒక్కొక్కటి కొన్ని వేలమంది ఉండే పేటల్లో, పిల్లలకు ఏం దొరుకుతుందో చూస్తుంది. దగ్గరలో మంచి చిన్నపిల్లల బడి ఉందా, చెట్లూ పచ్చదనం ఉన్నాయా, గాలిలో పరిశ్రమల విషం ఎంత, ఆరోగ్య బీమా ఎంతమందికి ఉంది, పెద్దలకు పని ఉందా అని ఒక్కొక్కటీ లెక్కగడుతుంది. 2024 నాటి రూపంలో ఇలాంటి అంశాలు 44 ఉన్నాయి. 2020లో విడుదలైన లెక్క ప్రకారం, 100 పెద్ద నగర ప్రాంతాల్లో సాధారణంగా ఒక తెల్లజాతి బిడ్డ ఉండే పేటకు నూటికి 73 మార్కులు, లాటినో బిడ్డ ఉండే పేటకు 33, నల్లజాతి బిడ్డ ఉండే పేటకు 24. ఈ సూచిక పిల్లలకు గానీ వారి తల్లిదండ్రులకు గానీ మార్కులు వేయదు. నేలకు వేస్తుంది. అందుకే నాకు ఇది మొదటి సూచిక కంటే న్యాయంగా తోస్తుంది.

ఆ నేల అలా ఎందుకు తయారైందో కూడా రికార్డుల్లోనే ఉంది. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీసి, నల్లజాతివారు ఉండే పేటలకు ఎర్ర రంగు వేసి, అక్కడ ఇంటి రుణం ఇవ్వడం ప్రమాదమని గుర్తు పెట్టింది. ఇంటి అమ్మకంలో, అద్దెలో జాతి వివక్ష కూడదన్న చట్టం 1968 దాకా రాలేదు. ఇల్లు కొనలేని కుటుంబం పిల్లలకు ఇల్లు వదిలి వెళ్లలేదు. ఇళ్ల విలువ తక్కువైన చోట ఆస్తి పన్ను తక్కువ, ఆస్తి పన్నుతో నడిచే బడికి డబ్బు తక్కువ. 2022 నాటి ఫెడరల్ రిజర్వ్ సర్వేలో, వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే తెల్లజాతి కుటుంబం సంపద 2,85,000 డాలర్లు, అలాంటి నల్లజాతి కుటుంబం సంపద 44,900 డాలర్లు. మనం ఇచ్చిన డౌన్ పేమెంట్‌లో ఊళ్లో అమ్మిన పొలం డబ్బు ఎంత ఉందో గుర్తు తెచ్చుకుంటే, అమ్ముకోవడానికి పొలం లేకుండా చేయబడిన కుటుంబం సంగతి మనకు ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

"జాతి ఎందుకు, పేదరికాన్ని కొలిస్తే చాలదా, పిల్లలంతా పిల్లలే కదా" అని సభల్లో పెద్దలు అడుగుతుంటారు. మంచి మనసుతో అడిగే ప్రశ్నే. దానికి జవాబు కూడా కొలతల్లోనే దొరికింది. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2018లో సుమారు 2 కోట్ల మంది పిల్లల వివరాలను వారు పెద్దయ్యేదాకా అనుసరించి చూసింది. తల్లిదండ్రుల ఆదాయం సమానంగా ఉన్నా, ఒకే పేటలో పెరిగినా, దేశంలోని 99 శాతం పేటల్లో నల్లజాతి మగపిల్లలు తెల్లజాతి మగపిల్లల కంటే తక్కువ సంపాదించేవారిగా తేలారు. శిశు మరణాల్లో కూడా అంతే. 2022లో నల్లజాతి తల్లుల పిల్లల్లో 1000కి 10.9 మంది, తెల్లజాతి తల్లుల పిల్లల్లో 4.5 మంది చనిపోయారు. కాలేజీ డిగ్రీ ఉన్న నల్లజాతి తల్లుల పిల్లల్లో మరణాల రేటు, హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి తల్లుల పిల్లల్లో కంటే ఎక్కువగా ఉంటోంది. చదువుకుంటే అన్నీ సర్దుకుంటాయని నమ్మి పెరిగిన మనకు ఇది మింగుడుపడని సంగతి. పేదరికం ఒక్కటే కొలిచి ఊరుకుంటే ఇది బయటపడేదే కాదు.

నిజానికి ఈ ప్రశ్న మనకు ఇంటి దగ్గరే తెలుసు. కులం అడగకపోతే కులం పోతుందని చెప్పే పెద్దలు మన ఊళ్లలోనూ ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు షెడ్యూల్డ్ తెగల్లో 40.9 శాతం, షెడ్యూల్డ్ కులాల్లో 39.2, ఇతర వెనుకబడిన తరగతుల్లో 35.4, తక్కినవారిలో 29.6 శాతం ఉన్నారు. సర్వే చేసినవారు కులం అడగకపోయి ఉంటే, 35.5 అన్న ఒక్క సగటు మిగిలేది, గూడెంలోని బిడ్డ అందులో ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటికీ తిరిగి కుల సర్వే మొదలుపెట్టినప్పుడు ఇక్కడి మన వాట్సాప్ గుంపుల్లో జరిగిన వాదనలు మీరూ చూసే ఉంటారు. ఆ వాదనల్లో ఏ పక్షాన ఉన్నవారైనా సరే, లెక్క లేనిచోట బలహీనుడి మాటకు సాక్ష్యం ఉండదన్న విషయాన్ని కాదనలేరు.

లెక్క వల్ల ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2021లో పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే పన్ను రాయితీని పెంచి, ఆరేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, పెద్ద పిల్లలకు 3,000 డాలర్లు చేశారు. అందులో సగాన్ని జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా ఇళ్లకే పంపారు. ప్రభుత్వ సహాయాన్ని కూడా కలిపి చూసే కొలత ప్రకారం ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. పెంచిన రాయితీని కొనసాగించకపోవడంతో 2022లో 12.4 శాతానికి ఎగబాకింది. నెలనెలా ఆ డబ్బు వచ్చిన రోజుల్లో నా తరగతిలో పిల్లలు మధ్యాహ్నం కునికేవారు కాదు. ఇది నేను కళ్లతో చూసిన చిన్న సంగతి, గణాంకం కాదు. కానీ ఆ రెండు అంకెలు చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పిల్లలే.

మరో లెక్క. విద్యాశాఖ పౌరహక్కుల విభాగం 1968 నుంచి బడుల నుంచి వివరాలు సేకరిస్తోంది. 2017-18లో ప్రీస్కూల్ పిల్లల్లో నల్లజాతివారు 18.2 శాతం. బడి నుంచి సస్పెండై ఇంటికి పంపబడిన ప్రీస్కూల్ పిల్లల్లో వారు 43.3 శాతం. అంటే మూడేళ్ల, నాలుగేళ్ల పసివాళ్లు. ఈ వయసు పిల్లవాణ్ని క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపడమే తప్పని నా అభిప్రాయం. అందులోనూ ఎవరిని పంపుతున్నారో లెక్క రాసిపెట్టబట్టే కొన్ని రాష్ట్రాలు, నగరాలు చిన్నపిల్లల సస్పెన్షన్ల మీద హద్దులు పెట్టాయి.

ఈ కొలతల్లో లోపాలు లేవని నేను అనను. ఇద్దరు తల్లిదండ్రులతో ఉన్నారా అన్న ప్రశ్న కేసీ ఫౌండేషన్ పన్నెండు అంశాల్లో ఉంది. జైళ్లు ఎవరితో నిండాయో, ఎవరి తండ్రులు త్వరగా చనిపోతున్నారో చెప్పకుండా ఆ ప్రశ్న ఒక్కటే అడిగితే తప్పంతా కుటుంబం మీద పడుతుంది. బడి ఫలితాలను జాతుల వారీగా ప్రకటించాలని 2002 నుంచి చట్టం చెబుతున్నా, ఒక సమూహంలో ఎంతమంది పిల్లలుంటే ప్రకటించాలో రాష్ట్రాలే నిర్ణయించుకుంటాయి. ఆ సంఖ్య పెద్దదిగా పెట్టిన చోట ఆదివాసి పిల్లలు పట్టికలో చుక్క గుర్తుగా మిగిలిపోతారు. ఎవరిని ఆదివాసి అనాలన్నదీ తేలిక ప్రశ్న కాదు. 2020 జనాభా లెక్కల్లో ఆదివాసి గడి ఒక్కటే ఎంచుకున్నవారు 37 లక్షలు, దానితోపాటు మరో గడి కూడా ఎంచుకున్నవారిని కలిపితే 97 లక్షలు. ఏ నిర్వచనం వాడితే ఆ పిల్లలు కనిపిస్తారో, ఏది వాడితే మాయమవుతారో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. 2024 మార్చిలో జాతుల గడుల నిబంధనలను మళ్లీ సవరించి, ఆసియా అన్న గడి కింద చైనీస్, ఏషియన్ ఇండియన్, ఫిలిపినో, వియత్నమీస్ వంటి వివరాలు అడగడాన్ని ఫెడరల్ సంస్థలకు సాధారణ పద్ధతిగా చేశారు. లోపాలు ఇలా దిద్దుకుంటూ పోవాలి.

అయితే దిద్దుకోవలసిన సమయంలో కొలబద్దే చేజారుతోంది. ఈ దేశంలో 1867లో విద్యాశాఖను మొదటిసారి పెట్టింది చదువుల గణాంకాలు సేకరించడానికే. 2025 మార్చిలో విద్యాశాఖ సిబ్బందిని సుమారు సగానికి తగ్గించినప్పుడు, జాతీయ విద్యా గణాంక కేంద్రంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఆ మరుసటి నెలలో, ప్రసవమైన తల్లులను పలకరించి బాలింతల, పసిపిల్లల వివరాలు సేకరించే, 1987 నుంచి నడుస్తూ వచ్చిన సర్వే బృందాన్ని విధుల నుంచి తప్పించారు. మన గర్భిణుల మధుమేహం గురించి, నల్లజాతి తల్లుల బిడ్డల గురించి తెలుసుకోవడానికి ఆధారం అలాంటి సర్వేలే. ఏ పార్టీకి ఓటు వేసినవారైనా ఈ విషయంలో మౌనంగా ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీ నుంచి నేను కోరుతున్నది డబ్బు కాదు. సొంత ఊళ్లో బడికి గదులు కట్టించడానికి, కంటి శిబిరాలు పెట్టించడానికి మీరు చేస్తున్న కృషిని చూసి గర్వపడేవాళ్లలో నేనూ ఉన్నాను. మనం ఉంటున్న ఊళ్లోని బడి విషయంలోనూ అదే శ్రద్ధ చూపమని అడుగుతున్నాను. మన తల్లిదండ్రులు స్కూల్ బోర్డు సమావేశాలకు వెళుతున్నారు, కానీ చాలాసార్లు హద్దులు మార్చి మన కాలనీని వేరే బడికి కేటాయించవద్దని చెప్పడానికే వెళుతున్నారు. అదే మైకు ముందు నిలబడి, మన డిస్ట్రిక్టులో ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా ఎవరికి అందుతోంది, గిఫ్టెడ్ తరగతులకు ఎవరిని ఎంపిక చేస్తున్నారు, ఎవరిని సస్పెండ్ చేస్తున్నారు అన్న వివరాలను జాతుల వారీగా ఏటా బయటపెట్టమని అడగండి. పైవరుసలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడిగితే బోర్డుకు తప్పించుకోవడం కష్టం. సర్వేలను తగ్గిస్తామని, ఫారాలు మారుస్తామని ఫెడరల్ సంస్థలు ప్రకటించినప్పుడు ప్రజల అభిప్రాయం చెప్పడానికి గడువు ఇస్తాయి. ఆ గడువులోగా సంఘం తరఫున ఉత్తరం రాయడానికి ఒక చిన్న ఉపసంఘం చాలు. సెన్సస్ బ్యూరో నుంచి వచ్చే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఫారాన్ని చెత్తబుట్టలో వేయకుండా పూర్తిచేసి పంపమని మీ పత్రికల్లో చెప్పండి. ఇలాంటి పట్టికల్లో కొన్నిటికి ముడిసరుకు అక్కడి నుంచే వస్తుంది.

ఇక వచ్చే మహాసభల గురించి ఒక మనవి. తల్లిదండ్రుల కార్యక్రమంలో ఆ పటాన్ని మళ్లీ చూపించండి, ఈసారి ఆరు గీతలతో చూపించండి. నాకు అరగంట సమయం ఇస్తే, ఆ సభ జరిగే నగరంలోని స్కూల్ డిస్ట్రిక్టుల వివరాలతో నేనే వచ్చి చెబుతాను. మా బడిలో ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న నల్లజాతి ఉపాధ్యాయురాలు ఒకరు, నాకు తొలి ఏడాది తరగతిని నడపడం నేర్పినవారు, పిలిస్తే నాతో వస్తానన్నారు. ఆవిడకు కూడా వేదిక మీద ఒక కుర్చీ వేయించమని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు,
లెక్కల ఉపాధ్యాయిని